ఓదెమ్మ నింపిన క్యాసెట్టు

కొడుకు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందంటే ఏ తల్లికైనా సంబరమే. ఓదెమ్మకు మాత్రం ఒళ్లు మండేది. స్వప్నిల్ మరాఠీ బడిలో చదివినవాడు, ఉత్తరం కూడా మరాఠీలోనే రాస్తాడు. ఆమెకు తెలుగు అక్షరాలే రావు, ఇంక మరాఠీ ఎక్కడి మాట. ఆమె మొగుడు అంకుశం తెలుగు పేపరు కూడబలుక్కుని చదువుతాడు కాని, మరాఠీలో బస్సు బోర్డు దాటి ముందుకు పోలేడు. కాబట్టి ఉత్తరం వచ్చిన రోజున పదో తరగతి చదివే కూతురు కోమల్ ముందు ఇద్దరూ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. ఆ పిల్ల గొంతు సవరించుకుని, జడ వెనక్కి వేసుకుని, కలెక్టరమ్మలాగా మొదలుపెట్టేది.

“తీర్థరూప బాపుకు, అమ్మకు సాష్టాంగ నమస్కారాలు అని రాసిండు.”

“వాడు గట్లెందుకంటడే? నువ్వే కలుపుతున్నవ్.”

“ఐక్ నా, ఇను అమ్మా, మరాఠీల ఉత్తరమంటే గట్లనే రాయాలె. బడిల మార్కులు గూడ దానికే ఏస్తరు.”

ఓదెమ్మ కన్న కొడుకు ఈ పద్దెనిమిదేళ్లలో ఆమెకు ఒక్కసారైనా నమస్కారం పెట్టిన పాపాన పోలేదు. కంచం ముందు కూర్చుని “గిదేం కూరనే అమ్మా, నిన్నటిదేనా” అని అడిగే రకం. స్నానం చేసిన తువాలు ఎక్కడ పడేసేవాడో వాడికే తెలియదు. అలాంటివాడు ఉత్తరంలో ‘ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను, దినచర్య బాగున్నది, భోజనం బాగున్నది’ అంటుంటే, ఇదెవరి కొడుకు రాసిన ఉత్తరమో పోస్టుమ్యాన్ తప్పి తెచ్చి తన ఒళ్లో పడేశాడనిపించేది. అంతా బాగుందని రాసినవాడు ఏదీ సరిగా చెప్పనట్టే లెక్క.

బాంబే దగ్గరి భివండీలోని నిజాంపురాలో ఒక సందు చివర వాళ్లది నాలుగు సాంచాల కార్ఖానా. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. కరీంనగర్ జిల్లా నుంచి పెళ్లయిన ఏడాదే వచ్చి, పదేళ్లు ఇంకొకరి సాంచాల మీద కూలి చేసి, తర్వాత రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని సొంతంగా పెట్టుకున్నారు. సాంచాలు అంకుశం నడుపుతాడు. తలుపు పక్కన కండెల మిషన్ ముందు ఓదెమ్మ కూర్చుని నూలు కండెలు చుట్టి ఇస్తుంది. వెనుక గది ఇల్లు. సాంచాల చప్పుడులో ఉయ్యాల ఊగి పెరిగిన పిల్లవాడు పన్నెండో తరగతి పాసై, ఎక్కడో పోస్టరు చూసి, బాంబే వెళ్లి పరీక్ష రాసి నేవీలో సెలెక్టయ్యాడు. ఊళ్లోని వరాలా తలావ్ చెరువులో నేర్చిన ఈత తప్ప వాడికి నీళ్ల గురించి తెలిసింది ఏమీ లేదు. తొంభైతొమ్మిది ఏప్రిల్ ఆఖర్లో ఇనుప పెట్టె నెత్తిన పెట్టుకుని ఒడిశా వైపు, సముద్రం పక్కన ట్రైనింగుకు వెళ్లిపోయాడు.

వాడు వెళ్లి నెల తిరగలేదు, కార్గిల్లో లడాయి మొదలైంది.

చేరేటప్పుడు లడాయి లేదు. ఉంటే ఓదెమ్మ స్టేషన్‌లో రైలుకు అడ్డం పడుకుని ఉండేది. ఇప్పుడు ఏ చాయ్ హోటల్ ముందు చూసినా టీవీ, టీవీలో మంచు గుట్టలు, జెండా కప్పిన పెట్టెలు. అంకుశం మాత్రం ఛాతీ రెండంగుళాలు పెంచుకుని తిరిగేవాడు. “మావోడు నేవీల ఉన్నడు” అని చాయ్ హోటల్లో చెప్పాడు, నూలు దుకాణంలో చెప్పాడు, కరెంటు బిల్లు కట్టే లైన్లో తన ముందున్నవాడికీ వెనుకున్నవాడికీ చెప్పాడు. ఎవరూ అడక్కపోతే వాన గురించి మాట మొదలుపెట్టి, నీళ్ల మీదుగా నేవీ దాకా తీసుకొచ్చేవాడు.

“లడాయి గుట్టల మీద నడుస్తున్నది, వాడు నీళ్లల్ల ఉన్నడు. నీకేం పరేషాని?” అని పెళ్లాన్ని కసిరేవాడు.

అది విని ఓదెమ్మకు కాస్త ధైర్యం వచ్చేలోపు పక్కింటి పెంటవ్వ వచ్చేది. పెంటవ్వ మంచి మనిషే కాని, ఆమె నోట మంచి వార్త ఎప్పుడూ రాలేదు. “ఓడలు గూడ తయారు చేస్తున్నరట పిల్లా. టీవీల చెప్పిండ్రు. ట్రైనింగ్ల ఉన్న పోరగాండ్లను గూడ పంపుతరో ఏమో, ఎవరికెరుక” అని, ఒక గ్లాసు చాయ్ తాగి పోయేది. ఆ రోజంతా ఓదెమ్మ చేతిలో పోగులు తెగుతూనే ఉండేవి.

ఆమెకు కావలసింది ఒక్కటే. కొడుకు ఇంటికి రావాలి. ఉద్యోగం పోతే పోయింది, పేరు పోతే పోయింది. లడాయి అయిపోయాక కావాలంటే మళ్లీ పొమ్మను, అప్పుడు ఎవరు వద్దంటారు?

ఆ ముక్క వాడికి చెప్పడం ఎట్లా అన్నదే గండం. ఉత్తరం రాయాలంటే కోమల్ రాయాలి, పక్కన కూర్చుని అంకుశం చెప్పాలి. “దేశం కొరకు ధైర్యంగ ఉండుమని రాయి బిడ్డా” అని ఆయన, “అమ్మకు గూడ గట్లనే ఉన్నదని రాయనా?” అని ఆ పిల్ల. ఫోన్లో చెబుదామా అంటే, వాడు చేసేది పదిహేను రోజులకొకసారి, ఆదివారం సాయంత్రం నాలుగింటికి, వరాలా తలావ్ దారిలో ఉన్న కనుకయ్య ఎస్టీడీ బూతుకు. అక్కడ రిసీవరు ఓదెమ్మ చేతికి వచ్చేసరికి సందులోని సగం జనం చెవులు చాచుకుని నిలబడి ఉంటారు.

జూన్ మొదటి వారంలో వచ్చిన ఉత్తరంలో కోమల్ ఒక సంగతి చదివింది. వాడి పక్క మంచం కేరళ పిల్లవాడి దగ్గర చెవులకు పెట్టుకుని పాటలు వినే చిన్న టేపు ఉందట, అప్పుడప్పుడు వీడికీ ఇస్తాడట. మిగతా ఉత్తరమంతా ఓదెమ్మకు ఒక చెవిలోంచి మరో చెవిలోకి పోయింది. ఆ టేపు మాత్రం మనసులో నిలిచింది.

మర్నాడు పొద్దున ట్యూషన్‌కు పోతున్న కోమల్‌ను ఆపి అడిగింది. “పిల్లా, మన టేపుల మాట నింపాల్నంటే ఏ బొత్తం ఒత్తాలె?”

“ఎందుకు?”

“మీ అన్నకు బతుకమ్మ పాటలు నింపి పంపుత.”

“ఇప్పుడేం బతుకమ్మ అమ్మా, జూన్ నెలల?”

“నా నోరు, నా పాట. చెప్తవా, లేదా?”

కోమల్ ఎర్ర బొత్తం, దాని పక్క బొత్తం కలిపి ఒత్తాలని చూపించింది. పాత భజనల క్యాసెట్టు ఒకటి తెచ్చి, దాని మీద మళ్లీ నింపడానికి వీలుగా పైనున్న రెండు చిల్లుల్లో కాయితం ముక్కలు కూరి ఇచ్చింది.

ఇంట్లో నింపుదామంటే గోడకు అటుపక్క పెంటవ్వ. పెంటవ్వ చెవికి ఆ గోడ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. బయట నింపుదామంటే సందు నిండా మనుషులు. ఓదెమ్మ రెండు రోజులు ఆలోచించింది. మనిషి పక్కన మనిషి కూర్చున్నా ఒకరి మాట ఒకరికి వినిపించని చోటు భివండీ మొత్తం మీద ఒక్కటే కనిపించింది. అది తన కార్ఖానా. నాలుగు సాంచాలు నడుస్తుంటే రేకుల షెడ్డు కింద పిడుగు పడ్డా తెలియదు. అక్కడ మాట్లాడుకోవాలంటే గొంతుతో పనిలేదు, ఎదుటివాడి పెదవులు చూసి మాట పట్టుకోవడమే. తన తెలివికి తానే మురిసిపోయింది ఓదెమ్మ.

టేపు కార్ఖానాలోనే మేకుకు వేలాడుతూ ఉండేది, కరెంటు పోయినప్పుడు పాటలు వినడానికి. దాన్ని దించి, కండెల మిషన్ పక్కన పీట మీద పెట్టుకుంది. అంకుశం అవతలి కొసన నాలుగో సాంచా దగ్గర వంగి ఏదో చూసుకుంటున్నాడు. ఆమె బొత్తాలు రెండూ ఒత్తింది. చక్రాలు తిరగడం చూసి, టేపు మీదికి వంగింది.

“బిడ్డా” అంది. అంతే, అప్పటిదాకా బిగపట్టుకున్న దుఃఖం తెగింది.

అరగంట సేపు మాట్లాడింది. ఏడుస్తూ మాట్లాడింది, ముక్కు చీదుకుని మాట్లాడింది, మధ్యలో తెగిన పోగు అతికించి మళ్లీ మాట్లాడింది. “నువ్వు నవుకరి ఇడిశిపెట్టి రా బిడ్డా. గా సార్లకు జరం వచ్చిందని చెప్పు. కండ్లు కనవడ్తలేవని చెప్పు. ఓడ అంటే ఇనుము. ఇనుము నీళ్లల్ల మునుగుతది. నేనేం సదువుకోలే గని, గిది మాత్రం నాకు తెల్సు. సముద్రం జూస్తనంటే బాంబేల లేదా సముద్రం? ఆదివారం ఆదివారం దాదర్ పోయి జూసి రా, నేనద్దంటనా? లడాయి అయినంక మళ్ల పోదువు. మీ బాపుకు నేను చెప్పుకుంట. నువ్వు జల్ది రా.” క్యాసెట్టు ఒక పక్క అయిపోయి బొత్తం టక్కున పైకి లేచేదాకా చెబుతూనే ఉంది.

నింపింది మళ్లీ వేసి వినలేదు. కార్ఖానాలో వేస్తే ఎలాగూ వినిపించదు, ఇంట్లో వేస్తే ఊరంతా వింటుంది. చెప్పిన ప్రతి మాటా తన తలలో గంట కొట్టినట్టు వినిపించింది, ఇంక పరీక్ష ఎందుకు?

మామిడికాయ తొక్కు డబ్బాలో పెట్టింది, గరిజెలు చేసింది, రెండింటి మధ్యన క్యాసెట్టును సాంచా గుడ్డలో చుట్టి పెట్టి మూట కుట్టింది. మూట మీద కోమల్ ఇంగ్లీషులో అడ్రసు రాసింది. అంకుశం ఏమీ అడగలేదు. సైకిల్ వెనుక కట్టుకుని, తానే పోస్టాఫీసుకు పోయి వేసి వచ్చాడు. మొగుడి చేతనే మోయించినందుకు ఓదెమ్మకు ఒకపక్క నవ్వు, ఒకపక్క తప్పు చేసినట్టు బెరుకు.

తర్వాత రోజులు లెక్కపెట్టుకోవడమే. పార్సిలు చేరడానికి వారం, వాడు వినడానికి ఒక రోజు. ఈ ఆదివారం కాదు, పై ఆదివారం ఫోను. అప్పుడు వస్తాననే అంటాడు. కొడుకు వస్తే పడుకోవడానికని వెనుక గదిలో నూలు సంచులన్నీ ఒక మూలకు జరిపింది. ఎందుకని కోమల్ అడిగితే, ఎలుకలు తిరుగుతున్నాయంది.

పై ఆదివారానికి ఇంకా మూడు రోజులున్నాయనగా, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం ఓదెమ్మ కండెలు చుడుతూ తలెత్తింది. నాలుగో సాంచా దగ్గర నుంచి అంకుశం ఆమెనే చూస్తున్నాడు. పెదవులు కదిలాయి.

“వాడు వస్తనంటడా?”

“ఎవడు?” అంది ఆమె, పెదవులతోనే.

“నీ కొడుకు. రమ్మన్నవ్ గద, క్యాసెట్ల.”

ఓదెమ్మ చేతిలో పోగు తెగింది. ఊళ్లో వాళ్లందరి చెవుల గురించీ ఆలోచించింది కాని, ఇరవై ఏళ్లుగా తన పెదవులు చూసి మాట పట్టుకునే మనిషి పది అడుగుల దూరంలో ఉన్నాడని మరిచిపోయింది.

“నువ్వు జూసినవా?”

“అద్దగంట నీ మొఖమే జూసిన. ఓడ ఇనుమన్నవ్. కండ్లు కనవడ్తలేవని చెప్పుమన్నవ్.”

“మరి పార్సిలెందుకు ఏసి వచ్చినవయ్యా?”

అంకుశం వంగి, తెగని పోగును ఒకదాన్ని పట్టుకుని చాలాసేపు సరిచేశాడు. తర్వాత లేచి ఆమె వైపు తిరిగాడు. “నాగ్గూడ గట్లనే ఉన్నదే. టీవీల పెట్టెలు జూస్తే నాకు బువ్వ వోతలేదు. గంతమందికి చెప్పుకుంట తిరిగిన, ఇప్పుడు రమ్మందామంటే నోరెట్ల వస్తది? నువ్వన్నవ్, సాలనుకున్న.”

గొంతుతో చెప్పాల్సి వస్తే ఆయన ఆ మాట చచ్చినా చెప్పేవాడు కాదు. ఓదెమ్మకు ఏడుపొచ్చింది. అప్పటిదాకా తానొక్కతే పిరికిదాన్ననుకుంది. లేచి వెళ్లి, ఆయన చేతికి చాయ్ గ్లాసు ఇచ్చి వచ్చింది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు, పైకి మాత్రం ఒకరు ధైర్యం చెబుతూ, ఒకరు భయపడుతూ.

ఆదివారం మూడున్నరకే బూతు దగ్గరికి చేరారు. తలావ్ మీద వాన ఆగి, జనం షికారుకు వచ్చారు. కోమల్ వచ్చింది, పిలవకపోయినా పెంటవ్వ వచ్చింది. కనుకయ్య బూతు తలుపు తెరిచి, కుర్చీ తుడిచి ఓదెమ్మను కూర్చోబెట్టాడు. నాలుగు దాటి ఆరు నిమిషాలకు ఫోను మోగింది. ఎప్పుడూ ముందు అంకుశం అందుకునేవాడు. ఈసారి ఆయన రిసీవరు తీసి నేరుగా పెళ్లాం చేతికిచ్చి, తన చెవి దాని వెనుకకు ఆనించాడు. ఆనించాల్సిన పని లేదు నిజానికి. సాంచాల మధ్య పెరిగిన పిల్లలకు మెల్లగా మాట్లాడటం చేతకాదు, స్వప్నిల్ ఫోన్లో అరిస్తే బూతు బయట నిలబడ్డ పెంటవ్వకు కూడా చక్కగా వినిపిస్తుంది.

“అమ్మా, క్యాసెట్ అందిందే.”

ఓదెమ్మ కుర్చీ అంచుకు జరిగింది.

“అమ్మా, నీకెట్ల తెల్సింది?”

“ఏంది బిడ్డా?”

“నాకు నిద్ర పడతలేదని. నేనెవ్వలకు చెప్పలే. ఉత్తరంల రాయలే. నీకెట్ల తెల్సింది?”

ఆమె అంకుశం మొహం చూసింది. ఆయన ఆమె మొహం చూశాడు.

స్వప్నిల్ గడగడా చెప్పుకుపోయాడు. “ఈడ పొద్దుగూకి లైట్లు బంద్ చేసినంక ఒక్క సప్పుడుండదే. పక్కోని ఊపిరి గూడ వినవడ్తది. గంత నిమ్మలముంటే నిద్రెట్ల వస్తది? మనింట్ల సాంచాలు ఆగితేనే గద మనం లేస్తం. వచ్చిన్నాటి నుంచి నేను సక్కగ పండుకున్నది లేదు. పొద్దున పరేడ్ల నిలవడే కునుకుత. సారు తుపాకి నెత్తి మీద పెట్టి గ్రౌండ్ సుట్టు ఉరికిస్తుండె. రెండు పరీక్షలు ఫెయిలైన. ఇగ నాతోని కాదనుకున్న. వద్దనుకునేటోళ్లు రాసిచ్చి ఇంటికి పోయే కాయితం ఒకటుంటది. తెచ్చుకున్న, నింపిన, దస్కత్ గూడ పెట్టిన. సోమారం ఇద్దామనుకున్న. శనివారం నీ పార్సిలొచ్చింది.”

“ఇని?”

“ఇని ఏంది, చెవులకు పెట్టుకున్న. ధడ ధడ ధడ ధడ. మన నాలుగు సాంచాలు. మూడోది కుంటుకుంట నడుస్తది గద, దాన్ని గుర్తు వట్టిన. నవ్వొచ్చింది. నవ్వుకుంట నవ్వుకుంటనే నిద్రవోయిన. పొద్దుగాల నలుగురు గుంజితే గని లేవలే. అప్పటిసంది రోజూ పెట్టుకునే పండుకుంటున్న. మొన్న ఈతల నాదే మొదటి నంబర్. సారు నన్ను జూసి, నువ్వేనా వాడివి అన్నడు.”

“ధడ ధడనేనా వినవడ్డది?” అంది ఓదెమ్మ.

“గదే గద నువ్వు పంపింది. మా కేరళోడు గిదేం పాటరా అంటడు.”

పెంటవ్వ బూతు బయటే బుగ్గలు నొక్కుకుంది. “ఎంత తెలివే నీకు ఓదెమ్మా. కొడుక్కు నిద్ర లేదని ఈడ కూసుండి కనిపెట్టినవ్” అంది. కనుకయ్య కూడా తలూపాడు. కోమల్ మాత్రం ‘బతుకమ్మ పాటలు ఏమైనయ్’ అన్నట్టు తల్లి వైపు అనుమానంగా చూసింది.

ఓదెమ్మకు మొదట వచ్చింది కోపం. అరగంట సేపు ఏడ్చి, మొత్తుకుని చెప్పిన మాటలన్నింటినీ ఆ ముదనష్టపు సాంచాలు మింగేశాయి. ఇరవై ఏళ్లుగా చెవుల్లో పడీ పడీ ఆ చప్పుడు అసలు ఉన్నట్టే అనిపించడం మానేసింది, టేపుకు మాత్రం అదొక్కటే వినిపించింది. తన తెలివి మండిపోను అనుకుంది. మరుక్షణం, సోమవారం ఇవ్వాలనుకున్న కాయితం గుర్తొచ్చింది. ఈమె ఏమీ పంపకుండా ఊరుకుని ఉంటే, వాడు ఈపాటికి ఇంట్లో కూర్చుని కూర బాగోలేదంటూ ఉండేవాడు.

“అమ్మా, ఇంకో మాట” అన్నాడు స్వప్నిల్. ఈసారి గొంతు తగ్గింది. “గా కాయితం ఇంక నా పెట్టెలనే ఉన్నది. చింపుదామనుకుంట, చెయ్యి రాదు. క్యాసెట్ల సాంచాల సప్పుడుకు నడుమ, మొదట్ల, ఒక్కసారి నీ గొంతు వినవడ్డది. బిడ్డా అన్నవ్. ఎనుక ఏమన్నవో తెలుస్తలేదు. వందసార్లు ఇన్న. ఏమన్నవే? నువ్వు రమ్మన్నవనుకో, రేపే ఇచ్చి వస్త. ఉండుమన్నవనుకో, ఉంట. నిజం చెప్పు. జల్ది చెప్పు, ఎనుక లైన్ల ఇరవై మందున్నరు.”

నెలరోజులుగా ఓదెమ్మ కోరుకుంది ఇదే. ఒక్క మాట చాలు, ‘రా’ అంటే చాలు. అంకుశం చెవి తీసి ఆమె ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. చుట్టూ జనం ఉన్నారు కాబట్టి ఆయన నోరు తెరవలేదు, పెదవులు మాత్రం కదిలించాడు. “రమ్మను.”

ఆమె చూసింది. ఆ మాట పట్టుకుంది. ఆ మనిషి కళ్లలో నీళ్లు కూడా చూసింది. భయం ఎక్కడికీ పోలేదు, గుట్టలూ మంచూ పెట్టెలూ అన్నీ కళ్ల ముందే ఉన్నాయి. కాని ఇప్పుడే ఫోన్లో అరిచి, నవ్వి, ఈతలో మొదటి నంబరని ఎగిరిన గొంతు ఉంది చూశారూ, ఉత్తరాల్లో ఎన్నాళ్లు వెతికినా దొరకని తన కొడుకు గొంతు అది. రమ్మంటే వస్తాడు. వచ్చి ఏం చేస్తాడు? నాలుగు సాంచాల ముందు నిలబడతాడు. కంటి నిండా నిద్రపోతాడు, నిజమే. మొదటి నంబరు వచ్చిన పిల్లవాడు మాత్రం ఆ చప్పుడులో ఎక్కడో తప్పిపోతాడు. ‘అమ్మ భయపడిందని తిరిగొచ్చినవాణ్ణి’ అన్న మాటను తాను పోయేదాకా వాడి మొహంలో చూడాలి.

మొగుడికి వీపు తిప్పింది. సాంచా మనుషులకు మొహం తిప్పుకోవడమంటే చెవులు మూసుకోవడమే.

“రమ్మన్న బిడ్డా” అంది. “అద్దగంట ఏడ్సుకుంట రమ్మన్న. నవుకరి ఇడిశిపెట్టు, జరమొచ్చిందని అబద్ధం చెప్పు అన్న. నీకు నిద్ర లేదని నాకేం తెల్వది. నాకు లడాయంటే బయం, గంతే.”

బూతు బయట పెంటవ్వ నొక్కుకున్న బుగ్గలు వదిలేసింది.

“ఇప్పుడు గూడ బయమే” అంది ఓదెమ్మ. “అబద్ధమాడను, దినాం బయమే ఉంటది. గని గది నా బయం, నీది కాదు. నువ్వు నిద్రవోతున్నవ్, నవ్వుతున్నవ్, మొదటి నంబర్ వచ్చినవ్. గా కాయితం చింపు బిడ్డా.”

“నిజంగనే అంటున్నవా?”

“నిజంగనే.”

“బాపు ఏమంటడు?”

ఓదెమ్మ వెనక్కి తిరగలేదు. “మీ బాపు గూడ గదే అంటడు.”

వీపు వెనుక అంకుశం ఊపిరి ఒక్కసారి పెద్దగా తీసుకోవడం ఆమెకు వినిపించింది.

“సరెనే” అన్నాడు స్వప్నిల్. “రాత్రి బువ్వ తిన్నంక చింపుత.”

“తిన్నంక ఏంది? గప్పటికి నా మనసెట్ల మారుతదో నాకే తెల్వది. ఇప్పుడే పోయి చింపు.”

“ఫోన్ పెట్టాలె మరి.”

“పెట్టు.”

“బాపుతోని మాట్లాడలే.”

“మల్ల మాట్లాడుదువు. ఉరుకు బిడ్డా, ఉరుకు.”

టక్కున ఫోను పెట్టేసిన చప్పుడైంది. వాడు నిజంగానే ఉరికాడు.

ఓదెమ్మ ఖాళీ రిసీవరు చెవికి ఆనించుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. ఏడుస్తోందో నవ్వుతోందో కనుకయ్యకు అర్థం కాలేదు, రెండూ చేస్తోంది కాబట్టి. కోమల్ వచ్చి, తల్లి చేతిలోంచి రిసీవరు మెల్లగా తీసి దాని చోట పెట్టింది. ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

“నాకియ్యకపోతివే” అన్నాడు అంకుశం. ఇంకా చెయ్యి చాచుకునే ఉన్నాడు. “పదిహేను దినాల సంది ఎదురు చూస్తున్న. ఒక్క మాటన్న మాట్లాడకపోతిని.”

“నువ్వేమంటవో నాకు తెల్సు” అంది ఓదెమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. “గందుకే ఇయ్యలే.”

ఆయన బూతు గోడ వైపు తిరిగి, అక్కడ అంటించిన రేట్ల కాయితం చదువుతున్నట్టు కొంచెంసేపు నిలబడ్డాడు. అది మరాఠీలో ఉంది. తర్వాత లుంగీ అంచుతో మొహం గట్టిగా రుద్దుకుని ఇటు తిరిగాడు. తలావ్ ఒడ్డున షికారు చేస్తున్నవాళ్లకు కూడా వినపడేలా, “ఈతల మొదటి నంబరట పెంటవ్వా, మావోడు. విన్నవా?” అన్నాడు.

“విన్న, విన్న” అంది పెంటవ్వ.

“మళ్ల విను” అన్నాడు అంకుశం. చెప్పబోతే గొంతు రాలేదు, ఓదెమ్మ చెప్పింది.